గుండెల్లో మంటకు ఏ పరీక్ష, ఎప్పుడు? మాత్ర ఆపి చేయించుకోవాలా, వేసుకుంటూనే చేయించుకోవాలా?

ఆవిడ సంచీలోంచి మూడు ఎండోస్కోపీ రిపోర్టులు తీసి బల్ల మీద పరిచారు. మూడేళ్లలో మూడు. మూడింట్లోనూ చివర ఒకటే మాట, నార్మల్.

"మూడుసార్లు చూసి ఏమీ లేదన్నారు డాక్టరుగారూ. మరి ఈ మంట ఎక్కణ్ణుంచి వస్తున్నట్టు?"

రిపోర్టులు పక్కన పెట్టి ఒక్క మాటే అడిగాను. "పరీక్షకు వెళ్లేముందు మాత్రలు ఆపారా?"

ఆపలేదు. ఆపమని ఎవరూ చెప్పలేదు. మూడుసార్లూ రోజూ పాంటోప్రజోల్ వాడుతున్న కాలంలోనే కెమెరా లోపలికి వెళ్లింది. ఆమ్లాన్ని అణిచే మందు ఒకపక్క పనిచేస్తుంటే, ఆమ్లం చేసిన పుండు కోసం వెతికారన్నమాట. ఆ మూడు నార్మల్ రిపోర్టులూ జబ్బు లేదని చెప్పవు. మందు వేసుకుంటుండగా పుండు కనబడలేదని మాత్రమే చెబుతాయి.

గుండెల్లో మంట, పుల్లటి తేన్పులు, పడుకుంటే గొంతులోకి ఎగదన్నే పులినీళ్లు. వీటితో వచ్చేవాళ్లు చాలామంది "ఏ పరీక్ష మంచిది?" అని అడుగుతారు. అంతకంటే ముందు తేల్చుకోవాల్సింది, మనకు కావలసిన జవాబేమిటని. ఎండోస్కోపీ పుండును చూస్తుంది. పీహెచ్ పరీక్ష అన్నవాహికలోకి ఆమ్లం ఎంతసేపు వచ్చి నిలుస్తోందో కొలుస్తుంది. మ్యానోమెట్రీ కండరాల పట్టు చూస్తుంది. ఒకదాని పని ఇంకొకటి చేయదు. కావలసిన జవాబేదో తేలితే, మాత్ర ఆపాలా వద్దా అన్నదీ తేలిపోతుంది. పరీక్ష ఎంపికలో సగం పని అక్కడే ఉందని నా నమ్మకం.

చాలామందికి మొదటి పరీక్ష మాత్రే

తిన్నాక మంట, వంగితే మంట, పడుకుంటే పులినీళ్లు. ప్రమాద సూచనలేవీ లేవు. ఇలాంటివాళ్లకు వెంటనే ఏ గొట్టమూ వేయనక్కర్లేదు. ఒమెప్రజోల్, పాంటోప్రజోల్ లాంటి పీపీఐ (ఆమ్లాన్ని అణిచే) మాత్ర రోజుకు ఒకటి, 8 వారాలు వాడి చూడమని అమెరికా గ్యాస్ట్రోఎంటరాలజీ కాలేజీ 2022 మార్గదర్శకం చెబుతోంది. తగ్గితే మాత్ర ఆపి చూడాలి. ఆపాక కూడా హాయిగా ఉంటే అక్కడితో సరి. ఆపగానే మళ్లీ మొదలైతే అప్పుడు ఎండోస్కోపీ గురించి మాట్లాడుకోవాలి.

ఈ 'మాత్ర పరీక్ష' తప్పేది ఎక్కువగా వేళ దగ్గర. పొట్టలో ఆమ్లాన్ని వదిలే పంపులు భోజనంతో మేలుకుంటాయి. మేలుకున్న పంపునే ఈ మందు పట్టుకుని మూస్తుంది. అందుకే తినడానికి అరగంట, గంట ముందే మాత్ర వేసుకోవాలి, తినే వేళకు మందు రక్తంలోకి చేరి కాచుకుని ఉండాలి. తిన్నాక గుర్తొచ్చినప్పుడో, పడుకోబోయే ముందో వేసుకుని "మాత్రలు పనిచేయలేదు" అనేవాళ్లను నేను వారానికి ఎంతమందినో చూస్తాను. వాళ్ల విషయంలో పరీక్ష ఇంకా జరగలేదనే లెక్క. ముందు వేళ సరిచేసి, మరికొన్ని వారాలు చూడాలి.

దీనికి పరిమితులూ ఉన్నాయి. 2004లో పలు అధ్యయనాలను కలిపి లెక్కగడితే, నిజంగా రిఫ్లక్స్ (కడుపులోని ఆమ్లం అన్నవాహికలోకి ఎగదన్నడం) ఉన్న 100 మందిలో 78 మందికి ఈ మాత్రతో తగ్గింది. రిఫ్లక్స్ లేని 100 మందిలో కూడా 46 మందికి తగ్గినట్టే అనిపించింది. అంటే మాత్రకు తగ్గడం ఆధారమే గాని రుజువు కాదు. ఒక్కసారి తగ్గిందని ఏళ్ల తరబడి మాత్ర మింగే ముందు ఈ అంకె గుర్తుపెట్టుకోవాలి.

ఇంకో చిక్కు. చాలాకాలం వాడి ఒక్కసారిగా ఆపితే, అణగి ఉన్న ఆమ్లం కొంతకాలం మామూలు కంటే ఎక్కువగా ఊరుతుంది. జబ్బే లేని ఆరోగ్యవంతులకు 8 వారాలు ఇచ్చి ఆపినా కొందరికి మంట పుట్టింది. కాబట్టి ఆపిన మూడో రోజు మంట వచ్చిందని భయపడి మళ్లీ మొదలుపెట్టకండి. డాక్టరుతో మాట్లాడి మెల్లగా తగ్గించుకుంటూ రావచ్చు. మధ్యలో మంట రేగితే అంటాసిడ్ ద్రవంతో నెట్టుకురావచ్చు.

మాత్రతో సరిపెట్టకూడనివాళ్లు

మింగుడు పడకపోవడం. అందులోనూ మొదట గట్టి పదార్థం, తర్వాత మెత్తటిది, చివరికి నీళ్లు కూడా దిగకపోవడం. మింగితే నొప్పి. ప్రయత్నం లేకుండా బరువు తగ్గడం. రక్తపు వాంతి. తారులా నల్లగా, జిగటగా విరేచనం (ఐరన్ మాత్రలు వాడినా నల్లగానే వస్తుంది, ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పండి). కారణం తెలియని రక్తహీనత. ఆగని వాంతులు. వీటిలో ఏ ఒక్కటున్నా 8 వారాలు మాత్ర వేసి చూద్దామనుకోవడం తప్పు. నేరుగా ఎండోస్కోపీకి వెళ్లాలి. ఇక్కడ మాత్ర ఆపి కొన్ని వారాలు ఆగుదామన్న మాట కూడా రాదు.

ఛాతీ నొప్పి సంగతి వేరే చెప్పాలి. "గ్యాస్ నొప్పిలే" అనుకుని తేన్పు వచ్చేదాకా ఎదురుచూసి, ఆలస్యంగా ఆసుపత్రికి చేరిన గుండెపోట్లు నేను చూశాను. నొప్పి బరువుగా నొక్కుతున్నట్టుందా? చేతికీ దవడకూ పాకుతోందా? నడిస్తే ఎక్కువై, ఆగితే తగ్గుతోందా? చెమట పడుతోందా? అయితే మొదట ఈసీజీ, గుండె పరీక్షలు. అంటాసిడ్ తాగితే తగ్గింది కదా అని గుండెను పక్కన పెట్టకూడదు. గుండె బాగుందని తేలాకే అన్నవాహిక వంతు.

ఎండోస్కోపీ: ఏం చూస్తుంది, ఏం చూడదు

గొంతులో మొద్దుబారే మందు కొడతారు. ఎడమ పక్కకు తిరిగి పడుకోమంటారు. పళ్ల మధ్య ప్లాస్టిక్ కట్టు పెడతారు. చిటికెన వేలంత సన్నటి గొట్టం లోపలికి వెళుతుంది. చూడటం మటుకు కొద్ది నిమిషాల పనే. మత్తు తీసుకుంటే ఆ రోజు బండి నడపకూడదు, వెంట ఒకరుండాలి. కడుపు ఖాళీగా ఉండాలి కాబట్టి తిండి ఎప్పటినుంచి మానాలో ముందే అడిగి తెలుసుకోండి.

రిపోర్టులో మీరు వెతకాల్సింది 'లాస్ ఏంజెలెస్ గ్రేడ్' అన్న మాట. అన్నవాహిక చివర పొర చిట్లి ఉంటే ఆ చిట్లుడును ఏ, బీ, సీ, డీ అని నాలుగు మెట్లుగా రాస్తారు. 5 మిల్లీమీటర్లకు మించనిది ఏ. అంతకంటే పొడవైనది బీ. మడతల మీదుగా ఒకదానికొకటి కలిసిపోతే సీ. చుట్టుకొలతలో 75 శాతమో అంతకు పైనో ఆక్రమిస్తే డీ. ఏ ఇబ్బందీ లేని కొందరిలో కూడా ఏ గ్రేడు కనిపిస్తుంది, కాబట్టి దాన్ని పట్టుకుని జబ్బు ఖాయమనలేం. బీ దగ్గర నిపుణులు చాలాకాలం తర్జనభర్జన పడ్డారు. 2018లో నిపుణులు కలిసి రాసిన లియాన్ ఏకాభిప్రాయం ఈ గ్రేడుల్లో సీ, డీలనే రుజువుగా తీసుకుంది. తర్వాత వచ్చిన దాని సవరణ బీని కూడా ఆ వరసలో చేర్చింది. పాత రిపోర్టులో బీ అని ఉండి, "ఇది లెక్కలోకి రాదు" అని అప్పట్లో చెప్పి ఉంటే, ఇప్పుడు మళ్లీ అడగడం న్యాయమే.

అసలు సంగతి ఇది. రిఫ్లక్స్ బాధలున్నవాళ్లలో 70 శాతం దాకా ఎండోస్కోపీలో ఏ చిట్లుడూ కనబడదు. మందు ఆపి చేసినా అంతే. మందు వేసుకుంటూ చేస్తే ఉన్న చిట్లుడు కూడా మానిపోయి ఆ లెక్క ఇంకా పెరుగుతుంది. అందుకే రిఫ్లక్స్ ఉందా లేదా అని తేల్చడమే ఉద్దేశమైతే, పీపీఐ 2 నుంచి 4 వారాలు ఆపి ఎండోస్కోపీ చేయించుకోవడం మేలు. అపాయింట్‌మెంట్ రాసిచ్చేటప్పుడే "మాత్ర ఎప్పుడు ఆపాలి?" అని మీరే అడగండి. ఆ ఒక్క ప్రశ్న ఒక పరీక్షను మిగల్చగలదు. అయితే రక్తస్రావం అయినవాళ్లు, రక్తం పలుచబడే మందులు వాడుతూ పొట్ట రక్షణకు పీపీఐ తీసుకుంటున్నవాళ్లు, ఇదివరకే సీ, డీ గ్రేడులు తేలినవాళ్లు సొంతంగా ఆపకూడదు. వాళ్ల విషయం డాక్టరే తేల్చాలి.

సీ, డీ వచ్చినవాళ్లకు మటుకు రెండో ఎండోస్కోపీ అవసరం, అదీ మాత్ర వాడాకే. పుండు కప్పేసిన చోట కింద బ్యారెట్ మార్పు దాగి ఉండవచ్చు. అంటే అన్నవాహిక పొర పేగు పొరలా మారడం. మానాక గాని అది బయటపడదు. ఒకే పరీక్ష, ఒకసారి మందు ఆపి, ఇంకోసారి మందు వాడి. ఎందుకంటే రెండుసార్లూ అడిగే ప్రశ్నలు వేరు.

బ్యారెట్ కోసం ప్రతి ఒక్కరినీ వెతకనక్కర్లేదు. చాలాకాలంగా రిఫ్లక్స్ ఉండి, దానితోపాటు మగవాళ్లు కావడం, 50 దాటడం, పొగతాగే అలవాటు, ఊబకాయం, శ్వేతజాతివాళ్లు కావడం, రక్తసంబంధీకుల్లో బ్యారెట్ లేదా అన్నవాహిక క్యాన్సర్ ఉండటం, వీటిలో మూడో అంతకంటే ఎక్కువో కలిసినప్పుడు ఒకసారి చూడమని అమెరికా మార్గదర్శకం.

మింగేటప్పుడు తిండి అడ్డుపడుతోందని చెబితే, పొర మామూలుగా కనిపించినా ముక్క తీసి పరీక్షకు పంపాలి. ఇయోసినోఫిలిక్ ఈసోఫజైటిస్ అనే అలర్జీ జబ్బు రిఫ్లక్స్ వేషంలో వస్తుంది. అది కంటికి కాదు, మైక్రోస్కోపుకు దొరుకుతుంది. రిపోర్టులో బయాప్సీ ఊసే లేకపోతే ఎందుకు తీయలేదని అడగవచ్చు.

పీహెచ్ పరీక్ష: గొట్టమా, క్యాప్సూలా?

ఎండోస్కోపీ నార్మల్, మంట మటుకు తగ్గలేదు. అప్పుడు అడగాల్సింది "ఇంకో ఎండోస్కోపీ చేద్దామా?" అని కాదు, "ఆమ్లాన్ని కొలుద్దామా?" అని. నాకు బాధ కలిగించేది ఇక్కడే. ఈ పరీక్ష పేరు కూడా వినకుండా పదేళ్లు మాత్ర మింగినవాళ్లు ఉన్నారు.

పాత పద్ధతిలో సన్నటి తీగలాంటి గొట్టం ముక్కులోంచి దించుతారు. ముక్కులో జెల్లీ రాస్తారు. "నీళ్లు గుటక వేయండి, ఇంకొకటి, ఇంకొకటి" అంటుంటే ఆ గుటకతోపాటే అది జారుతుంది. కళ్లలో నీళ్లు తిరుగుతాయి, ఒకటి రెండుసార్లు వికారం వస్తుంది, నాలుగైదు నిమిషాల్లో సర్దుకుంటుంది. దాని కొన అన్నవాహిక కింది కవాటానికి 5 సెంటీమీటర్ల పైన నిలుస్తుంది. చెంపకు టేప్ వేసి, చివరను నడుముకు కట్టిన చిన్న పెట్టెకు కలుపుతారు. దానిమీద బొత్తాలుంటాయి. తిన్నప్పుడు ఒకటి, పడుకున్నప్పుడు ఒకటి, మంట వచ్చినప్పుడు ఒకటి. 24 గంటలు అలాగే.

ఆ రోజు చాలామంది ఒక పొరపాటు చేస్తారు. ముక్కులో గొట్టం ఉంది కదా అని బయటికి వెళ్లరు, సరిగా తినరు, కదలకుండా కూర్చుంటారు. దాంతో మంట కూడా రాదు. పరీక్ష మీ మామూలు రోజును కొలవాలి. మంట తెప్పించేవి తినండి, వంగి పని చేయండి, రోజూ పడుకునే వేళకే పడుకోండి. బొత్తాం నొక్కడం మరిచిపోతే మంటకూ ఆమ్లానికీ ముడిపెట్టే ఆధారం పోతుంది. చేతిలో చిన్న కాగితం పెట్టుకుని వేళలు రాసుకున్నవాళ్ల రిపోర్టులు నాకు ఎక్కువ పనికొచ్చాయి.

క్యాప్సూల్ పద్ధతిలో ఈ ఇబ్బంది లేదు. ఎండోస్కోపీ చేసేటప్పుడే చిన్న క్యాప్సూలును అన్నవాహిక గోడకు తగిలిస్తారు. అది కొలతలను గాలిలోనే పెట్టెకు పంపుతుంది. ముక్కులో ఏమీ ఉండదు కాబట్టి మామూలుగా తింటారు, పనికి వెళతారు. 96 గంటలు, అంటే నాలుగు రోజులు కొలవవచ్చు. మంట ఒకరోజు ఉండి ఒకరోజు లేని వాళ్లకు ఇదే సరైనది. కొద్ది రోజుల్లో దానంతటదే ఊడి మలంలో పోతుంది. కొందరికి ఛాతీలో ఏదో గుచ్చుకున్నట్టు ఉంటుంది. పేస్‌మేకర్ ఉన్నవాళ్లకు, రక్తస్రావం తేలిగ్గా అయ్యేవాళ్లకు ఇది తగదు. పెట్టాక 30 రోజులు ఎంఆర్ఐ చేయించుకోకూడదు.

మరి గొట్టం ఎందుకు? క్యాప్సూలు ఆమ్లాన్ని మాత్రమే కొలుస్తుంది. ఇంపీడెన్స్ (విద్యుత్ నిరోధాన్ని బట్టి ద్రవం కదలికను పట్టే పద్ధతి) ఉన్న గొట్టం ఆమ్లం లేని ద్రవం పైకి వచ్చినా పట్టుకుంటుంది. మాత్ర వేసుకుంటుంటే పైకి వచ్చేదాంట్లో ఎక్కువ భాగం అలాంటిదే. ఇక్కడే ఎంపిక సూటిగా తేలుతుంది. రిఫ్లక్స్ ఉందని ఇంకా రుజువు కాలేదా? మాత్ర వారం ఆపి పీహెచ్ పరీక్ష, వీలైతే క్యాప్సూలుతో. రిఫ్లక్స్ ఇదివరకే రుజువైంది, బీ లేదా అంతకు పై గ్రేడో, బ్యారెట్టో ఉంది, అయినా మాత్ర వాడుతూ బాధ తగ్గలేదా? మాత్ర వేసుకుంటూనే ఇంపీడెన్స్ గొట్టంతో. తారుమారైతే జవాబు దారి తప్పుతుంది.

రిపోర్టులో మొదట చూడాల్సిన అంకె 'యాసిడ్ ఎక్స్‌పోజర్ టైమ్'. పీహెచ్ (ఇది తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువని అర్థం) 4 కంటే కిందికి దిగి ఉన్న సమయం మొత్తంలో ఎన్ని శాతమో అది చెబుతుంది. మాత్ర ఆపి చేసిన పరీక్షలో 4 శాతం లోపు మామూలే, అంటే రోజు మొత్తంలో 58 నిమిషాల లోపు. 6 శాతం దాటితే, అంటే 86 నిమిషాలు దాటితే రిఫ్లక్స్ రుజువైనట్టు. క్యాప్సూలులో అయితే రెండు రోజులైనా 6 దాటాలి. మధ్యలో పడితే మిగతా ఆధారాలు చూసి తూకం వేయాలి.

మిగతా మూడు పరీక్షలు

మ్యానోమెట్రీ రిఫ్లక్స్ ఉందో లేదో చెప్పదు. అన్నవాహిక కండరాలు ఎలా నెడుతున్నాయో, కింది కవాటం తెరుచుకుంటోందో లేదో చూపిస్తుంది. రిఫ్లక్స్ ఆపరేషన్ అనుకుంటే మటుకు ఇది లేకుండా ముందుకు వెళ్లకూడదు. అకలేసియాలో కవాటం తెరుచుకోక తిండి పైనే నిలిచి పులిసి, మంటలాగే అనిపిస్తుంది. అలాంటివారికి కవాటాన్ని ఇంకా బిగించే ఆపరేషన్ చేస్తే మింగడమే కష్టమవుతుంది.

బేరియం ద్రవం తాగించి తీసే బేరియం స్వాలో ఎక్స్‌రే రిఫ్లక్స్ నిర్ధారణకు చాలదు. బేరియం వెనక్కి వచ్చినట్టు కనిపించినా జబ్బు అనలేం, రాకపోయినా లేదనలేం. హయాటస్ హెర్నియా (కడుపు పైభాగం ఛాతీలోకి జారడం) ఆకారం, అన్నవాహిక ఇరుకు చూడటానికి పనికొస్తుంది.

హెచ్. పైలోరీ అనే బ్యాక్టీరియాను వెతికే శ్వాస పరీక్ష, మల పరీక్ష కడుపులో పుండ్లకూ కడుపు పైభాగం నొప్పికీ సంబంధించినవి. రిఫ్లక్స్ పరీక్షలు కావు. చేయించుకుంటే పీపీఐ 2 వారాల ముందు, యాంటీబయోటిక్స్ 4 వారాల ముందు ఆపాలి.

దగ్గు, గొంతు బొంగురు మాత్రమే ఉంటే

మంట లేదు, పులినీళ్లు లేవు. నెలల తరబడి దగ్గు, గొంతు గీరుకోవడం, బొంగురు. గొంతు డాక్టరు చూసి వెనక ఎర్రగా ఉందని, రిఫ్లక్స్ కావచ్చని పంపుతారు. ఆ ఎరుపు ఇంకా చాలా కారణాల వల్ల వస్తుంది, దాన్ని బట్టి రిఫ్లక్స్ అని తేల్చలేం. వీళ్లకు మాత్ర వేసి నెలలు గడపడం కంటే, మాత్ర మొదలుపెట్టకముందే పీహెచ్ పరీక్ష చేయడం మేలని 2022 మార్గదర్శకం అంటోంది. నేనూ దానికే మొగ్గుతాను. కొలత మామూలుగా ఉంటే ఊపిరితిత్తులు, ముక్కు, ఆస్తమా, వాడుతున్న బీపీ మందుల వైపు త్వరగా తిరగవచ్చు.

గర్భిణులకు మంట సాధారణం. ప్రమాద సూచనలు లేకపోతే పరీక్షలు అక్కర్లేదు. పాలు తాగే బిడ్డ కక్కుకుంటున్నా బరువు బాగా పెరుగుతూ హాయిగా ఉంటే కూడా అంతే. ఆకుపచ్చగా కక్కితే, రక్తం కనిపిస్తే, బరువు పెరగకపోతే ఆలస్యం చేయకండి.

మూడు రిపోర్టులతో వచ్చిన ఆవిడకు పాంటోప్రజోల్ మెల్లగా తగ్గించి ఆపించాం. మొదటి పది రోజులు కష్టంగా గడిచాయి, అంటాసిడ్‌తో నెట్టుకొచ్చారు. నాలుగో వారం ఎండోస్కోపీ చేసి, బయాప్సీ తీసి, అప్పుడే క్యాప్సూలు పెట్టాం. పొర ఈసారీ మామూలుగానే ఉంది. నాలుగు రోజుల్లో ఏ రోజూ ఆమ్లం 4 శాతం దాటలేదు. ఆవిడ బొత్తాం నొక్కింది ఇరవై ఒక్కసార్లు. వాటిలో చాలావరకు ఆ క్షణంలో అన్నవాహికలో ఆమ్లమే లేదు. బయాప్సీ, తర్వాత చేసిన మ్యానోమెట్రీ కూడా బాగానే ఉన్నాయి.

"అయితే నాకు మంట లేనట్టేనా?" అని అడిగారు. గొంతులో కాస్త కోపం కూడా ఉంది.

మంట ఉంది, దానికి కారణం ఆమ్లం కాదని చెప్పాను. అన్నవాహిక నరాలు మామూలు కదలికను కూడా మంటగా చదువుతాయి, దాన్ని ఫంక్షనల్ హార్ట్‌బర్న్ అంటారు, దానికి మందు వేరే ఉంది అని కాగితం మీద బొమ్మ గీసి చూపించాను. నరాల సున్నితత్వాన్ని తగ్గించే మందు చిన్న మోతాదులో రాశాను. ఆవిడ ఆ నాలుగో రిపోర్టును మడిచి, పాత మూడింటి మీద పెట్టి సంచీలో సర్దుకున్నారు. పాంటోప్రజోల్ చీటీని మటుకు నా బల్ల మీదే వదిలేసి వెళ్లారు.